కల్లం కాడికి సూర్యుడి దీపం: ట్రాలీ మీద సోలార్ పలక అమర్చుకోవడం ఎట్లా?

మిరపకాయ కోసి కల్లంలో ఆరబోశారు. తాలు ఏరాలి, ఎండాలి, బస్తాలకెత్తాలి. అప్పటిదాకా రాత్రిళ్లు కావలి తప్పదు. వడ్లయినా అంతే. కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, తేమ తగ్గి కాంటా అయ్యేదాకా ఆ కుప్ప పక్కనే పడక. చేతిలో ఒక టార్చిలైటు. సగం రాత్రికి సెల్‌ఫోనులో ఛార్జింగు అయిపోతుంది. మబ్బు పట్టిందని పట్టా కప్పడానికి లేస్తే కాలి కింద ఏముందో కనపడదు. ఈ కష్టం నడిగూడెం, మునగాల, మోతె, కోదాడ రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

తెలంగాణలో వ్యవసాయ మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వడం 2018 జనవరి 1న మొదలైంది. అయితే కరెంటు మోటారు కాడ ఉంటుంది, కల్లం ఇంకోచోట ఉంటుంది. స్తంభానికి కొక్కెం తగిలించి తీగ లాగడం నేరం. అంతకుమించి ప్రాణాలకు చేటు. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు మన మండలంలోనే కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడిన సంగతి మరిచిపోలేం. అలాంటి రాత్రి చేతిలో ఒక దీపం, మాట్లాడే ఫోను ఉండటం ఎంత ధైర్యమో పడ్డవారికే తెలుసు.

విదేశాల్లో సెలవులకు తిరిగేవారు కారు వెనక చిన్న బండి తగిలించుకుని, దాని కప్పు మీద సోలార్ పలక పెట్టుకుంటారు. ఎక్కడ ఆగితే అక్కడే దీపం, ఫ్యాను. మనది విహారం కాదు, కావలి. అయినా పనిచేసే తీరు ఒకటే. మీ ఇంట్లో చిన్న రెండు చక్రాల ట్రాలీ గానీ, పాత ఎడ్లబండి గానీ ఉంటే దాన్నే కావలి బండిగా మార్చుకోవచ్చు. ఎట్లాగో ఈ వారం పాఠంలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ముందు లెక్క, తరువాత దుకాణం

చాలామంది ముందు దుకాణానికి పోయి, అతను చూపిన పలక కొని, ఇంటికొచ్చాక దీపం ఎందుకు వెలగడం లేదని తల పట్టుకుంటారు. ఎరువు వేసేముందు ఎకరాలెన్నో లెక్కేసినట్టే, ఇక్కడ కూడా రోజుకు ఎంత వాడతామో ముందు లెక్క వేసుకోవాలి.

లెక్క తేలికే. వాట్లను గంటలతో హెచ్చిస్తే వాట్ అవర్లు వస్తాయి. అవి వెయ్యి అయితే కరెంటు బిల్లులో మనం చూసే ఒక యూనిట్.

కల్లం కాడ ఒక కుటుంబానికి అయ్యే వాడకం ఇట్లా ఉంటుందనుకుందాం:

- 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు. ఒకటి 4 గంటలు, ఒకటి రాత్రంతా 10 గంటలు: 70 వాట్ అవర్లు.
- 15 వాట్ల చిన్న డీసీ ఫ్యాను 6 గంటలు: 90.
- రెండు సెల్‌ఫోన్లు: 40.
- 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న మందు కొట్టే పంపు ఒకసారి పూర్తిగా ఛార్జి కావడానికి, మధ్యలో పోయేదంతా కలుపుకుని: 140.

మొత్తం 340 వాట్ అవర్లు. అంటే యూనిట్‌లో మూడో వంతు. ఇంత తక్కువా అనుకుంటారేమో! అవును, ఇంతే. ఇందులో వంద వాట్ల పాత గుండు బల్బు ఒక్కటి పెట్టినా మూడున్నర గంటల్లో ఇదంతా తాగేస్తుంది. అందుకే ఈ బండికి ఎల్‌ఈడీ తప్ప వేరే బల్బు పనికిరాదు.

పలక ఎంతది కావాలి?

పలక మీద రాసిన వాట్లు నడి ఎండలో, పలక చల్లగా ఉన్నప్పుడు వచ్చే లెక్క. పొద్దున, సాయంత్రం ఎండ పలచగా ఉంటుంది. రోజంతా కలిపి చూస్తే మన ప్రాంతంలో మంచి ఎండ ఉన్న రోజున 5 గంటల నిండు ఎండకు సమానంగా దొరుకుతుంది. అందులోనూ వేడికి, దుమ్ముకు, తీగల్లో, బ్యాటరీలో కలిపి నూటికి 30 దాకా పోతుందని పెట్టుకోండి.

100 వాట్ల పలకయితే 100 X 5 X 0.7 = 350 వాట్ అవర్లు. మనకు కావలసింది 340. అంటే అంచుకు అంచు. ఒక్కపూట మబ్బు పడితే చాలదు. 150 వాట్ల పలకయితే 525 వస్తుంది. ముసురు పట్టిన రోజు ఇందులో మూడో వంతు వచ్చినా సంతోషించాలి. కనుక ఈ వాడకానికి 150 వాట్లు సరయినది.

మందు పంపు, ఫ్యాను వద్దు, దీపాలు, ఫోన్లు చాలు అనుకునే రైతుకు రోజుకు 110 వాట్ అవర్లే అవసరం. 40 వాట్ల పలక 140 ఇస్తుంది. అదే సరిపోతుంది. అక్కర లేనిదానికి అప్పు చేయవద్దు.

బ్యాటరీ: ట్రాక్టరు పాత బ్యాటరీ వద్దు

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఇంట్లో ట్రాక్టరు పాత బ్యాటరీ ఉంది కదా, దాన్నే పెడదాం అంటారు. ట్రాక్టరు బ్యాటరీని ఒక్క గుంజుకు ఇంజను స్టార్టు చేయడానికి తయారు చేస్తారు. కొంచెం కొంచెంగా రాత్రంతా తోడితే దాని లోపలి పలకలు త్వరగా పాడవుతాయి. మనకు కావలసింది నెమ్మదిగా ఇచ్చి నెమ్మదిగా నిండే రకం. సోలార్‌కని అమ్మే ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి.

పొద్దు గూకాక వాడేది దీపాలు, ఫ్యాను, ఫోన్లు కలిపి 200 వాట్ అవర్లు. మందు పంపును పగలే ఛార్జి చేసుకుంటాం కనుక దాన్ని ఇందులో కలపలేదు. ఒకరోజు ఎండ రాకపోయినా నడవాలంటే రెండు రాత్రులకు 400 దాచుకోవాలి.

సీసం బ్యాటరీలో సగానికి మించి తోడకూడదు. కనుక 800 వాట్ అవర్లది కావాలి. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 67. దుకాణంలో దొరికే 75 ఆంపియర్ అవర్లది తీసుకోవాలి. లిథియం బ్యాటరీలో నూటికి 80 దాకా వాడుకోవచ్చు. కనుక 40 ఆంపియర్ అవర్లది చాలు. సీసం బ్యాటరీని ఎత్తడానికి ఇద్దరు కావాలి. లిథియందాన్ని ఒక చేత్తో ఇంటికి తెచ్చుకోవచ్చు. మొదటి ఖర్చు లిథియానికే ఎక్కువ, కానీ చాలా ఏళ్లు ఎక్కువ వస్తుంది. కల్లం కాడ దొంగల భయం ఉన్నవారు బరువు సంగతి కూడా ఆలోచించుకోవాలి.

'పెద్ద పలక అదే రేటుకు ఇస్తా' అంటే?

దుకాణదారు ఒకమాట అంటాడు: "అన్నా, 150 వాట్లదెందుకు, ఇంటి మీద వేసే 540 వాట్లది ఉంది, వాట్ లెక్కన అది చవక." వినడానికి బాగానే ఉంటుంది. కానీ 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయే పలకలో 36 గళ్లుంటాయి. అది ఎండలో పనిచేసేటప్పుడు సుమారు 18 వోల్టులు ఇస్తుంది. ఇంటి మీద వేసే పెద్ద పలక 40 వోల్టుల పైనే ఇస్తుంది. మధ్యలో మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెడితే పెద్ద పలక శక్తిలో మూడింట రెండు వంతులు వృథా. అంత వోల్టేజికి తట్టుకోలేని చవక కంట్రోలర్ అయితే కాలిపోతుంది కూడా. ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెడితే పెద్ద పలకయినా నడుస్తుంది, కానీ దాని ఖర్చు వేరు. పైగా ఏడున్నర అడుగుల అద్దాన్ని చిన్న బండి మీద గతుకుల డొంకలో తిప్పడం అనుకున్నంత సులువు కాదు.

కొనేటప్పుడు మూడు చూడండి. పలక వెనక చీటీ మీద వాట్లు, వోల్టులు, ఐఎస్ 14286 గుర్తు ఉన్నాయా? అద్దంలో జీర ఉందా? దుకాణం ముందు ఎండలో పెట్టించి మీటరుతో కొలిపిస్తే, ఏమీ తగిలించకుండా 20 నుంచి 22 వోల్టులు చూపిస్తోందా? బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోండి.

బండి మీద బిగించడం

150 వాట్ల పలక సుమారు అయిదడుగుల పొడవు, రెండడుగుల పైన వెడల్పు ఉంటుంది. బరువు పది పన్నెండు కిలోలు. బరువు పెద్దది కాదు. గాలి పెద్దది. గంటకు 100 కిలోమీటర్ల గాలి దుమారం వస్తే ఈ పలక మీద యాభై అరవై కిలోల తోపు పడుతుంది. కనుక తాడుతో కట్టడం, సుతిలి చుట్టడం కుదరదు.

బండికి ఇనప యాంగిల్‌తో నాలుగు కాళ్ల చట్రం వెల్డింగు చేయించుకోండి. పలక అల్యూమినియం చట్రానికి కంపెనీయే తూట్లు పెట్టి ఇస్తుంది. బోల్టులు వాటిలోనే వేయాలి. కొత్త తూట్లు పెట్టవద్దు. డ్రిల్లు అద్దానికి తగిలిందంటే పలక పోయినట్టే. పలకకూ ఇనుముకూ మధ్య రబ్బరు ముక్క, బోల్టుకు స్ప్రింగు వాషరు ఉండాలి. పాత సైకిలు ట్యూబు ముక్క చాలు. బండి గతుకులకు అదిరేటప్పుడు నట్లు వదులవుతాయి. ప్రతి ప్రయాణం తరువాత ఒకసారి స్పానరు వేసి చూసుకోండి.

పలకను రేకుకు అంటించి బిగించవద్దు. కింద నాలుగంగుళాల సందు వదలండి. ఎందుకంటే పలక వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి నూటికి సుమారు 0.4 పోతుంది. మే నెల ఎండలో పలక 65 డిగ్రీలకు చేరితే నూటికి 16 తగ్గినట్టే. కింద గాలి ఆడితే ఆ నష్టం కొంత దిగుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకోవడం భ్రమ. కావలసింది వెలుగు, వేడి కాదు.

దిక్కు, వాలు

నడిగూడెం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17 డిగ్రీల దగ్గర ఉంది. కనుక పలక ముఖం దక్షిణానికి, వాలు 17 డిగ్రీలు ఉంటే ఏడాది మొత్తం మీద మంచి ఫలితం. డిగ్రీలు కొలవడానికి పరికరం ఏమీ అక్కర్లేదు. పలక ప్రతి అడుగు వెడల్పుకు ఉత్తరం వైపు అంచును మూడున్నర అంగుళాలు లేపండి. మన పలక వెడల్పుకు సుమారు ఎనిమిది అంగుళాలు వస్తుంది.

దీనికి పలక ఒక పొడుగు అంచుకు రెండు బందులు, రెండో అంచుకు మడిచే ఊతకర్రలాంటి ఇనప కమ్మీలు పెట్టించుకుంటే సరి. బండి నడిచేటప్పుడు పలక పడుకునే ఉండాలి. కల్లానికి చేరాక బందుల అంచు దక్షిణానికి వచ్చేట్టు బండి నిలిపి, రెండో అంచును లేపాలి. జూన్‌లో పొద్దు నెత్తి మీదుగా పోతుంది, అప్పుడు పడుకోబెట్టినా నష్టం లేదు. డిసెంబరులో పొద్దు దక్షిణానికి వాలుతుంది, అప్పుడు ఇంకాస్త లేపాలి. మిరప కల్లాల కాలంలో, అంటే ఫిబ్రవరి, మార్చిలో ఎనిమిది అంగుళాల లెక్క సరిపోతుంది. గాలి దుమారం లేస్తోందంటే ముందు పట్టా కాదు, పలకను పడుకోబెట్టి కొక్కెం వేయండి. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

నీడ సంగతి మరువవద్దు. పలకలోని గళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. కాలువకు ఒకచోట తుంగ అడ్డం పడితే కింది మడులకన్నిటికీ నీళ్లు తగ్గుతాయి కదా, ఇదీ అంతే. అరచేతి మందం నీడ ఒక గడి మీద పడినా మొత్తం మీద దెబ్బ కొడుతుంది. బండిని వేపచెట్టు కింద నిలిపి, దీపం వెలగడం లేదంటే తప్పు పలకది కాదు. మీరు చెట్టు కింద పడుకోండి, పలకను ఎండలో ఉంచండి.

తీగలు కలిపే వరస

పలకకూ బ్యాటరీకీ మధ్య ఛార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. అది కాలువకు తూములాంటిది. నిండితే మూస్తుంది, మరీ అడుగంటితే దీపాలను ఆపి బ్యాటరీని కాపాడుతుంది. మన పలకకు 15 లేక 20 ఆంపియర్లది తీసుకోండి. సీసం బ్యాటరీయా, లిథియమా అన్నది అందులో సరిగా ఎంచుకోవాలి.

పలక నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి, అయిదు మీటర్లు మించకుండా చూడాలి. ఇంట్లో మిగిలిన సన్న తీగ వాడితే దారిలోనే ఒక వోల్టు మాయమవుతుంది. బ్యాటరీ ప్లస్ కొనకు జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. పన్నెండు వోల్టులు షాకు కొట్టవు నిజమే, కానీ ప్లస్, మైనస్ తీగలు కలిసిపోతే ఫ్యూజు లేని బ్యాటరీ తీగను ఎర్రగా కాల్చేస్తుంది. పక్కనే ఎండుమిరప ఉంది, గడ్డివాము ఉంది. మంట పుడితే ఏడాది కష్టం బూడిదే.

కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత పలక. విప్పేటప్పుడు ముందు పలక, తరువాత బ్యాటరీ. ఈ వరస తప్పితే కంట్రోలర్ చెడిపోవచ్చు. బండి లోపల సుద్దముక్కతో రాసి పెట్టుకోండి.

బ్యాటరీని చెక్కపెట్టెలో, బండి ఇరుసు మీదుగా కిందనే, పట్టీతో కదలకుండా కట్టాలి. సీసం బ్యాటరీ నిండేటప్పుడు మండే వాయువు వస్తుంది. పెట్టెకు పైన తూట్లుండాలి, దగ్గర బీడీ కాల్చరాదు. లిథియందానికి వేడి గిట్టదు, నీడలో ఉంచండి.

మందు పంపు బ్యాటరీని తీగలతో నేరుగా కలపవద్దు. 150 వాట్ల చిన్న ఇన్వర్టరు పెట్టి, పంపుతో వచ్చిన ఛార్జరునే దానికి తగిలించి, పగటిపూట ఛార్జి చేసుకోండి. పని కాగానే ఇన్వర్టరు ఆపేయండి. ఊరికే ఉన్నా అది కొంత తింటుంది.

ఇది మాత్రం ఎన్నడూ చేయవద్దు

అడవి పందుల బెడదకు కొందరు ఇనప తీగ చుట్టి కరెంటు పెడుతున్నారు. ఈ బండి ఇన్వర్టరు నుంచి వచ్చేది కూడా ఇంట్లో కరెంటు అంత వోల్టేజిదే. దాన్ని కంచెకు ఇస్తే పందికంటే ముందు పక్క చేను రైతో, పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన మీ కొడుకో బలవుతాడు. అది నేరం కూడా. సోలార్ కంచె అని విడిగా అమ్మే యంత్రం వేరు. అది సుమారు సెకనుకొకసారి కన్నుమూసి తెరిచేలోపు ఒక్క అదురు ఇచ్చి ఆగిపోతుంది. జంతువు బెదురుతుంది గాని చావదు. కావాలంటే దాన్నే కొనుక్కోవాలి. ఇన్వర్టరుతో దాని పని చేయించాలని చూడవద్దు.

రోడ్డు ఎక్కేముందు

మన బండ్లు కల్లం నుంచి మార్కెట్‌కు పోవాలంటే హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి ఎక్కక తప్పదు. చీకట్లో వెనక దీపం లేని ట్రాలీ కారు డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనపడదు. బండిలో బ్యాటరీ ఉండగా వెనక రెండు ఎర్ర దీపాలు పెట్టుకోవడానికి ఖర్చెంత? అయిదు వాట్లు కూడా తినవు. వాటితోపాటు వెనక, పక్కల ఎర్ర, పసుపు రేడియం పట్టీ అంటించండి. ఈ పలక మీకు ఇచ్చే అన్ని లాభాల్లో ఇదే పెద్దది కావచ్చు.

ఆలనా పాలనా

మిరప దుమ్ము, వడ్ల పొట్టు పలక మీద పొరలా కూర్చుంటాయి. వారానికోసారి, కల్లం కాలంలో రెండు రోజులకోసారి, పొద్దున్నే పలక చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. నడిఎండలో చన్నీళ్లు చల్లితే అద్దం పగలవచ్చు. బూడిద, పీచు వేసి తోమవద్దు. పలక మీద బస్తాలు పెట్టడం, ఎక్కి నిలబడటం వద్దు. సీసం బ్యాటరీలో నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు కాదు. పంట పని అయిపోయాక బండిని మూల పెట్టి మరిచిపోకండి. బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి ఉంచితే చచ్చిపోతుంది. ఇంటి ముందు ఎండలో నిలిపి దీపాలకు వాడుకోండి.

దీంతో నీళ్లు తోడవచ్చా?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. తోడలేం. ఒక హెచ్‌పీ సోలార్ మోటారుకే సుమారు 900 నుంచి 1200 వాట్ల పలకలు కావాలి. అంటే ఇలాంటివి ఆరు నుంచి ఎనిమిది. అది వేరే పని, వేరే పెట్టుబడి. కేంద్రం 2019లో మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో కరెంటు లేనిచోట సోలార్ పంపులకు రాయితీ పెట్టారు. ఆసక్తి ఉన్నవారు డబ్బు ఎవరి చేతిలోనూ పెట్టకముందే మండల వ్యవసాయాధికారిని, రాష్ట్ర రెడ్కో కార్యాలయాన్ని అడిగి, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో తెలుసుకోవాలి. మన జిల్లాలో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అటు పోయినప్పుడు మీ అనుమానాలు అక్కడా అడగవచ్చు.

ఎవరికి లాభం?

కల్లం పక్కనే ఇల్లున్నవారికి ఇది అవసరం లేదు, మంచి టార్చిలైటు చాలు. రెండెకరాల రైతు ఒక్కడే అంతా కొనడం భారం. పక్కపక్క పొలాలవాళ్లు నలుగురు కలిసి ఒక బండి చేసుకుంటే తేలిక. కోతలు అందరివీ ఒకే రోజున రావు, వంతులవారీగా వాడుకోవచ్చు. మిగతా రోజుల్లో నలుగురి మందు పంపులూ అక్కడే ఛార్జి అవుతాయి. కాకపోతే బ్యాటరీలో నీళ్లెవరు పోయాలి, నట్లెవరు బిగించాలి అన్నది మొదటిరోజే మాట్లాడుకోండి. నలుగురిదీ అంటే ఎవరిదీ కాదన్న సామెత నిజం కాకూడదు.

జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య నూరేళ్ల కిందట ఈ నడిగూడెంలోనే పత్తి మీద పరిశోధన చేశారు. కొత్తదాన్ని నేలలో పెట్టి, పరీక్షించి చూడటం ఈ ఊరికి కొత్త కాదు. మీరు కూడా ముందు చిన్నగా మొదలుపెట్టండి. ఒక పలక, ఒక బ్యాటరీ, రెండు బల్బులు. ఒక కల్లం కాలం నడిపి చూడండి. లెక్క కుదిరితే పెంచండి.

గుర్తుంచుకోండి

- ముందు వాడకం లెక్క, తరువాత కొనుగోలు.
- 12 వోల్టుల బ్యాటరీకి 36 గళ్ల పలక.
- ట్రాక్టరు పాత బ్యాటరీ వద్దు.
- ముఖం దక్షిణం, అడుగుకు మూడున్నర అంగుళాల వాలు, నీడ పడరాదు.
- ఫ్యూజు లేకుండా తీగ కలపరాదు.
- కంచెకు కరెంటు ఇవ్వరాదు.
- వెనక ఎర్ర దీపం లేకుండా రోడ్డు ఎక్కరాదు.
- చీకట్లో పాము కరిస్తే మంత్రాలంటూ ఆగకండి. ఛార్జింగు ఉన్న ఫోనుతో 108కి చేసి నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోండి.